మునిరత్నమ్మ కట్టిన పలక

మునిరత్నమ్మ టీచరు పరమపదించారన్న వార్త నాకు తిరుపతి బస్టాండులో తెలిసింది. "మీకింకా తెలీదా మేడం? నిన్ననే మట్టి సేసేసినారు" అన్నాడు ఆమె ఊరి మనిషి ఒకడు. నిజం చెప్పాలంటే దుఃఖం కంటే ముందు సిగ్గు కలిగింది. ఆమెకు చెప్పుకోవలసిన క్షమాపణ ఎనిమిదేళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది.

ఐరాల అవతల ఒక చిన్న పల్లెలో ఆమె ఇరవై ఏళ్ళు బాలవాడి నడిపారు. నేను ఆ కేంద్రాలను తనిఖీ చేసే పర్యవేక్షకురాలిని. శిశు మనస్తత్వశాస్త్రంలో పట్టా ఉన్నది నాకు, పసిమనసు ఎరిగినది ఆమె.

పిల్లలకు సూదులు వేసే డాక్టరుగారిది బట్టతల. ఒకసారి మూడేళ్ళ చంద్ర ఆయన ముందు చెయ్యి చాచి "లడ్డు ఇయ్యి" అన్నాడు. వాడు చూసిన గుండ్లన్నీ తిరుమల కొండ మీద తలనీలాలిచ్చి, లడ్డుతో తిరిగొచ్చినవాళ్ళవే మరి. నేను వాణ్ణి కసిరాను. మునిరత్నమ్మ నవ్వి, "బిడ్డ తప్పు సెప్పలే మేడం. సూసినంత సెప్పినాడు. ఇంగా సూస్తే ఇంగోటి సెప్తాడు" అన్నారు. రెండు నెలలకు డాక్టరు మళ్ళీ వచ్చినప్పుడు చంద్ర ఆ తలను చాలాసేపు పరీక్షించి, "ఈయప్పకు ఎంటికలు రానేలేదే! కొండకు పోలేదు" అని తీర్పు చెప్పాడట. ఆ సంగతి చెబుతూ ఆమె మురిసిపోయారు. నేను మర్యాదకు నవ్వి ఊరుకున్నాను.

అప్పుడే నేర్చుకుని ఉండవలసింది. నేర్చుకోలేదు.

నాలుగేళ్ళ సుకన్య తాత చింతచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరులో వెదురుబద్దలు పెట్టి, పసరూ గుడ్డుసొనా పూసి కట్టు కట్టారు. ఆ వారమే సుకన్య రాతిపలక రెండు ముక్కలైంది. "పుత్తూరు కట్టు కడితే అతుక్కుంటాది టీచరా" అందా పిల్ల. మునిరత్నమ్మ కాదనలేదు. బద్దలు పెట్టి, గుడ్డుసొన పూసి, పాతచీర పేలికతో పలకకు శాస్త్రోక్తంగా కట్టు కట్టారు. అదేరోజు కంచె పక్కన సగం విరిగి వేలాడుతున్న మందారకొమ్మకూ పిల్లచేతనే ఇంకో కట్టు కట్టించారు. రెండింటినీ రోజూ చూడమన్నారు. ఏది అతుక్కుంటుందో పిల్లే తేల్చుకోవాలని ఆమె ఉద్దేశం.

నాలుగోరోజు నేను తనిఖీకి వెళ్ళాను. గది నీచు వాసన కొడుతోంది. "టీచరు పలకకు గుడ్డు పూసింది!" అని పిల్లలు సంబరంగా చెప్పారు. ఆ గుడ్డు ఎక్కడిదని ఒక్కమాట అడగలేదు. పేలిక విప్పి, రెండు ముక్కలూ ఎత్తి చూపించి, "విరిగింది అతుక్కోదు, ఇదంతా పిచ్చి" అన్నాను. సుకన్య మొహం పాలిపోయింది. "అయితే మా తాత సెయ్యి?" అంది. నేను వినిపించుకోలేదు. తనిఖీ పుస్తకంలో, పిల్లలకు పెట్టమని సర్కారు ఇచ్చే గుడ్లు వృథా చేస్తూ మూఢనమ్మకాలు నేర్పుతున్నారని రాస్తున్నాను.

ఆ సాయంత్రం నుంచి సుకన్య తాత చేతిని చూసి ఒకటే ఏడుపు. మునిరత్నమ్మ రోజూ ఆ పిల్లను చంకనెత్తుకుని మందారం దగ్గరికి తీసుకువెళ్ళేవారు. కట్టుకు పైన మొగ్గలు వేసిన రోజున పిల్ల తనంతట తానే అందట, "సెట్టుకు పానం ఉండాది. తాతకుండాది. పలకకు లేదు."

సంజాయిషీ ఇవ్వడానికి నా ఆఫీసుకు వచ్చినప్పుడు ఆమే నాకీ మాట చెప్పారు. తరవాత మెల్లగా, "గుడ్డు మా ఇంటి కోడిది మేడం. బిడ్డల నోటికాడిది నేను తీస్తానా? ఆ ఒక్క ముక్క కొట్టేయండమ్మా" అన్నారు. ఆమె నిజం చెబుతున్నారని నాకు తెలుసు. కానీ నా రాత నేనే కొట్టేస్తే పైవాళ్ళ ముందు చులకనైపోతానని, "చూద్దాం లెండి" అన్నాను. చూడలేదు. ఆ మాట ఊళ్ళోకి పాకింది. ఆమె చేత మేలు పొందినవాళ్ళే చాటుగా "గుడ్ల టీచరు" అన్నారు. ఆమె మాత్రం నన్ను చూసినప్పుడల్లా ముందు కుర్చీ వేసి, తరవాతే పలకరించేవారు.

మొన్న బాలవాడిలో సంతాపసభ పెట్టి, అధికారిణినని నన్నే ముందు మాట్లాడమన్నారు. అంకితభావం, త్యాగనిరతి, అన్నీ అన్నాను. సభ అయ్యాక సుకన్య తాత నా దగ్గరకొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, "బాగా సెప్పినారు తల్లీ. ఆ గుడ్ల మాట ఒకటి లేకుంటే ఆయమ్మ దేవతే" అన్నాడు.

అప్పుడైనా నేను నోరు విప్పలేదు. తల ఊపి జీపెక్కాను.

అందుకే ఇది రాస్తున్నాను. మునిరత్నమ్మ పిల్లల గుడ్డు ఏనాడూ ముట్టలేదు. ఆ రాత అబద్ధం, రాసింది నేను, తెలిసీ ఉంచింది నేను. అటువంటి గురువు ఆ పల్లెకు మళ్ళీ దొరకరు. ఈ నాలుగు ముక్కలు ఆమె బతికుండగా ఆ తాతకు చెప్పి ఉంటే, ఆమె తన ఊళ్ళో తలెత్తుకుని తిరిగేవారు.