రైస్‌మిల్లు కాడి బస్సు

మా ఊరికి రావాల్సిన కొత్త బస్సును వేరే జాగకు పంపిచ్చింది ఎవరో గాదు, నేనే. నవ్వకున్రి, చెప్త ఇనున్రి.

నేను సిద్దిపేటల చీరల దుకాణంల పనిచేస్త. మా ఊరికి పొద్దుగాల ఒక్కటే బస్సు. ఆడోళ్లకు ఫ్రీ అయినకాంచి అండ్ల కాలు పెట్ట జాగ ఉండదు. వారంల రెండుసార్లన్న ఎక్కరాక ఆగిపోత. ఆటో దొరికి దుకాణం చేరేవరకు పది దాటుతది. "ఇంకొక్కసారి లేటైతే ఇంటికాడనే ఉండమ్మా" అన్నడు సేటు. ఇద్దరు పిల్లలను పెట్టుకొని ఇంటికాడ కూసుంటే ఎట్ల ఎల్తది? నిజంగ బుగులు పట్టింది.

ఇంకో బస్సు కావాలని అర్జీ నేనే రాసిన. ఇల్లిల్లు తిరిగి సంతకాలు పెట్టిచ్చిన. సోమారం కలెక్టర్ ఆఫీసుల ఇస్తే, కొన్నొద్దులకు డిపోకు రమ్మన్నరు. మా పక్కింటి రాజవ్వను ఎంటేసుకొని పోయిన.

డిపో మేనేజరు సారు కంప్యూటర్ల సూసి, "మీ ఊర్ల పొద్దున నలుగురే ఎక్కుతున్నరు గదమ్మా" అన్నడు.

"నలుగురేంది సారు, నిలవడ జాగ లేదు."

"ఆ మంది మీ ఊరోళ్లు గాదు. మీ తర్వాతి స్టేజి రైస్‌మిల్లు. అక్కడ యాభై మంది ఎక్కుతున్నరు."

ఆ లెక్క యాడికెళ్లి వచ్చిందో నాకు అప్పుడే సమజైంది.

ఏందంటే, కండక్టరు మందిని తోసుకుంట మా దాంక వచ్చేవరకు బస్సు రైస్‌మిల్లు దాటుతది. టికెట్ మిషన్ల స్టేజి మార్చి ఉంటడు. మల్ల ఎన్కకు మార్చాలంటే చిరాకు పడుతుండె. ఒకరోజు నేనే అన్న, "రైస్‌మిల్లు కాడ ఎక్కినట్టే కొట్టు అన్నా. పైసల్లేని జీరో టికెటే గదా, ఎవరి సొమ్ము పోతది?" అందరికి నేనే నేర్పిన. "మస్తు తెలివిగల్లదానివే" అని మెచ్చుకున్నరు గూడ.

ఆ మిల్లు మూతవడి చానేండ్లయింది. ఆడ వాచ్‌మెన్, ఆయన కుక్క తప్ప ఎవరుండరు.

దాచేదేమున్నది, సంగతంత చెప్పేసిన. సారు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "నిన్ననే ఆర్డరైంది. రేపటి సంది కొత్త బస్సు రైస్‌మిల్లు కాడ షురూ అయితది. మీ ఊరికి కావాల్నంటే మీ ఊరి టికెట్లు కనవడాలె."

రాజవ్వ నా దిక్కు సూసింది. "ఫ్రీ బస్సు అన్నరు బిడ్డా, నువ్వు నడుసుడు గూడ ఫ్రీ జేసినవు" అన్నది.

ఇప్పుడు రోజు పొద్దుగాల రెండు కిలోమీటర్లు నడిచి పోతున్నం. బస్సు టైముకే వస్తది, సీటు గూడ దొరుకుతది. సేటు ఖుష్. టికెట్లు మాత్రం ఇప్పటికి రైస్‌మిల్లువే. నిజంగనే ఆడ ఎక్కుతున్నం మరి, మా ఊరి లెక్క ఎన్నడు పెరగాలె?

తొవ్వల అందరికన్న ముందు నేనే నడుస్త. జోరు ఎక్కువై గాదు. ఎన్క ముప్పై మంది తిట్టుకుంట వస్తుంటే, వాళ్ల మొకాలు సూసే ధైర్యం లేక.