జెడ్ గారి పేరుతో పంతొమ్మిదేళ్లు

అమ్మానాన్నలు ఆయనకి ముచ్చటపడి పెద్ద పేరే పెట్టారు. పాపం, ఇప్పుడు దాన్ని వాడేవాళ్లే లేరు. ఇంట్లో భార్య "ఏమండీ" అంటుంది. కూతురు "నాన్నా" అంటుంది. కంటి ఆసుపత్రిలో నేల తుడిచే ఆయా దగ్గర్నుంచి పెద్ద డాక్టరమ్మ దాకా అందరికీ ఆయన జెడ్ గారు. అసలు పేరు నిలిచింది లోకం మొత్తంలో ఒక్కచోటే: ఆసుపత్రిలో రోగుల కళ్ల ఫోటోలు దాచే డ్రైవ్‌లో, ప్రతి ఫోటో పక్కన 'రాసినవారు' అన్న గడిలో. పంతొమ్మిదేళ్లుగా ఆ పేరు రోజుకి రెండొందల సార్లు పడుతూనే ఉంది.

జెడ్ గారు రిటైరైన మర్నాడు ఆ పేరు పడటం ఆగిపోయింది. దాంతోపాటు ఫోటోలూ ఆగిపోయాయి.

ఆ పొద్దున ఆయన పేపరు మూడుసార్లు చదివాడు. అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ప్రెస్సు చిరునామా కూడా వదల్లేదు. ఫోను వైపు దొంగచూపులు చూస్తుంటే, అలా చూడకండి, దిష్టి తగిలి మోగడం మానేస్తుందని భార్య వంటింట్లోంచి అంది. పదింటికి అది మోగనే మోగింది. మనసు ఆగకపోయినా, ఆత్రం బయటపడకూడదని మూడుసార్లు మోగనిచ్చి తీశాడు.

ఆయన స్థానంలోకి వచ్చిన సిస్టమ్స్ అమ్మాయి మాట్లాడింది. ఫోటోల గదిలో 'పంపు' బొత్తాం నొక్కితే 'అనుమతి లేదు' అని వస్తోందట. కళ్లలో చుక్కలు వేయించుకున్న నలభైమంది వరండాలో ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నారట. పెద్ద డాక్టరమ్మ ఒక్కో ఫోటో చూడటానికి రెండో అంతస్తు నుంచి కిందికి దిగి మళ్లీ ఎక్కుతోందట. ఇప్పటికి పదకొండు సార్లయింది, పన్నెండోసారి దిగితే మెట్లమీదే రాజీనామా రాస్తానందట.

జెడ్ గారు ఎంత వేగంగా వెళ్లాడంటే, ముందు ఆయన గేటు దాటాడనీ, కాసేపటికి ఆయన స్కూటరు వచ్చిందనీ ఆసుపత్రి వాచ్‌మన్ ఇప్పటికీ ఒట్టు వేసి చెబుతాడు.

అడ్డం ఎక్కడ పడిందో ఆయనకి దారిలోనే తెలిసింది. నిజానికి ఆ అడ్డం పెట్టింది ఆయనే.

పంతొమ్మిదేళ్ల కిందట కంటి ఫోటోలు కాగితం మీద అచ్చయి, లిఫ్టులో పైకి వెళ్లేవి. ఒకసారి లిఫ్టు తలుపు సందులోంచి ఒకాయన ఎడమకన్ను జారిపడి నాలుగు రోజులు దొరకలేదు. బొత్తాం నొక్కితే ఫోటో తన బల్ల మీదికి రావాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. జెడ్ గారు నలభై వరుసల స్క్రిప్టు, అంటే కంప్యూటరు చేయాల్సిన పనుల చీటీ, రాశాడు. ఫోటోల గదిలో వెబ్ పేజీ తెరిచి 'పంపు' అంటే, సర్వరు ఆ ఫోటో తీసుకెళ్లి డాక్టర్ల డ్రైవ్‌లో పెట్టాలి. ఆయన కంప్యూటర్లో ఆ డ్రైవ్ పేరు జెడ్.

తన చేత్తో నడిపితే స్క్రిప్టు బుద్ధిగా పనిచేసింది. వెబ్ పేజీలోంచి నొక్కితే, జెడ్ అనేది లేదు పొమ్మంది. మూడు రోజులు ఆ నలభై వరుసలు ఆయనకి మూడు చెరువుల నీళ్లు తాగించాయి. సర్వరుని ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేశాడంటే, వీధిలో ఎవరింట్లో దీపం మినుకుమన్నా "జెడ్ గారు మొదలెట్టారు" అనుకునేవారు. "జెడ్ ఇదిగో, ఎదురుగా కనిపిస్తోంది కదా" అని ఆయన వేసిన కేకలకి పేరు అప్పుడే స్థిరపడిపోయింది.

ఆయన భార్య అప్పట్లో అదే ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. కింది అంతస్తులో, మెట్ల కింద ఆవిడ గది. ఒక కుర్చీ, ఒక బోర్డు, గోడమీద గదుల నంబర్ల పట్టిక. పేరు చెప్పందే ఎవరికీ లైను కలిపేది కాదు. ఆసుపత్రి యజమాని తమ్ముడు ఒకసారి "నేనే" అంటే, "నేనే అనేవాళ్లు ఈ పొద్దున్నించి పదిహేనుమంది" అని పెట్టేసింది.

మూడోనాడు మధ్యాహ్నం ఆ గదిలోనే క్యారియరు విప్పి, జెడ్ గారు తన గోడు వెళ్లబోసుకున్నాడు. ఆవిడ రెండు కాల్స్ కలిపి, మధ్యలో ఇటు తిరిగింది.

"జెడ్ అన్నది మీరు పెట్టుకున్న ముద్దుపేరేగా. మీ సర్వరుకి ఎవరు చెప్పారు? దానికి పూర్తి చిరునామా ఇవ్వద్దూ?"

ఆయన నోట్లో ముద్ద అక్కడే ఆగింది.

"ఇంకోటి," అందావిడ. "అక్కడికెళ్లాక ఎవరు మాట్లాడేదని అడిగితే, అదేం చెప్తుందీ?"

ఆ ముద్ద మింగాడో లేదో ఆయనకే తెలియదు. ఒక్క పరుగున వెళ్లి స్క్రిప్టులో జెడ్ తీసేసి డ్రైవ్ పూర్తి చిరునామా రాశాడు. వెంటనే జవాబు మారింది. ఇందాకటిదాకా 'లేదు' అన్నది ఇప్పుడు 'రానివ్వను' అంది. జెడ్ గారికి ప్రాణం లేచొచ్చింది. రానివ్వననేవాడున్నాడంటే ఇల్లు దొరికినట్టే కదా.

ఇక సర్వరుకి సొంతంగా ఒక పేరు పుట్టించి, ఆ పేరుకి తలుపు తెరిపించాలి. దానికి ముగ్గురి సంతకాలు కావాలి. ఆ ముగ్గురిలో ఒకరు సెలవు. సాయంత్రం నాలుక్కి డాక్టరమ్మ వచ్చి చూస్తానంది. జెడ్ గారు అటూ ఇటూ చూసి, ఎవరడిగినా నా పేరు చెప్పమని సర్వరుకి తన పేరూ తన పాస్‌వర్డూ ఇచ్చేశాడు. నాలుక్కి ఫోటో పైకి వెళ్లింది. డాక్టరమ్మ ఆయన భుజం తట్టింది. ఆవిడ జన్మలో తట్టిన భుజం అదొక్కటే.

రెండు రోజుల కోసమే అని రాత్రి భార్యతో చెప్పాడు.

"ఇంకొకరి నోట్లో మీ పేరు పెట్టి పంపించారు," అందావిడ. "రేపు మీరు లేని చోట కూడా అది మీ పేరే చెప్తుంది."

రెండు రోజులన్న పనులకి ఆయుష్షు గట్టిది. మూడు నెలలకోసారి పాస్‌వర్డు మార్చాలని ఆసుపత్రి నియమం. జెడ్ గారి పాస్‌వర్డు గడువు తీరగానే ఫోటోలు ఆగిపోయేవి. ఆయన తన దగ్గరొకసారి, సర్వరు దగ్గరొకసారి మార్చుకుని, చెవిదాకా వచ్చిన గుండెని కిందికి దించుకునేవాడు. కూతురి పెళ్లి భోజనాలప్పుడు ఆ గడువే ముంచుకొచ్చి, ఆయన విస్తరి ముందు నుంచి లేచి పరుగెత్తాడు. పెళ్లికూతురి తండ్రి అలిగి వెళ్లిపోయాడని వియ్యంకుడు వెనకే పరుగెత్తాడు. సర్వరు గదిలో ఇద్దరూ ఆయాసపడుతూ నిలబడ్డారు. అలక కాదని చెప్పినా వియ్యంకుడు నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడు.

సరిచేయడానికి వీల్లేక కాదు. ఒక్క గంట పని. సంతకాలు పెట్టాల్సిన ముగ్గురూ మారి, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లూ మారారు. కానీ సాయంత్రాలు గది తాళం వేసే ముందు ఆయన ఒకసారి డ్రైవ్ తెరిచి, ఆ గడిలో తన పేరు పైనుంచి కిందిదాకా వరసగా చూసుకునేవాడు. నాన్న నోట తప్ప మరెక్కడా వినని పేరు. నాన్న పోయాక అదీ లేదు.

ఇవన్నీ తలుచుకుంటూనే ఆయన సర్వరు గదిలోకి అడుగుపెట్టాడు. అదే చల్లదనం, అదే రొద. కుర్చీ మాత్రం కొత్తది. సిస్టమ్స్ అమ్మాయి లేచి ఆ కుర్చీ ఇచ్చింది. రిటైరైనవాళ్ల కంప్యూటరు ఖాతా మర్నాడు పొద్దున మూసేయడం నియమమట, మూసేసిందట. ఇంతవరకూ ఆయన పేరు మీద ఇంత పెద్ద ఆసుపత్రి వేలాడుతోందని తనకి తెలీదట.

"మీ ఖాతా మళ్లీ తెరిచేస్తాను సార్," అంది. "పాస్‌వర్డుకి గడువు కూడా తీసేస్తాను. రెండు నిమిషాల పని. మీ పేరు అలాగే ఉండిపోతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు."

జెడ్ గారు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఎదురుగా తెరమీద ఆయన పేరు వరసలు కట్టి ఉంది. నిన్న సాయంత్రం అయిదూ నలభైకి చివరిసారి. రెండు నిమిషాలాగితే మళ్లీ మొదలవుతుంది. తను ఇంట్లో పడక్కుర్చీలో పడుకున్నా, ఊరెళ్లినా, ఆ పైన ఎక్కడికెళ్లినా, రోజుకి రెండొందల సార్లు పడుతూనే ఉంటుంది. సరే అనడానికి నోరు తెరిచాడు కూడా.

అది పడుతుంటే కాసేపు కూర్చుని చూడాలనిపించి, మధ్యాహ్నం భోజనానికి రావడం ఆలస్యమవుతుందని చెబుదామని ముందు ఇంటికి ఫోను చేశాడు. అవతల తీసింది భార్యే.

"ఎవరండీ మాట్లాడేది?"

బోర్డు వదిలి ఏడేళ్లయినా ఆవిడకి ఆ అలవాటు పోలేదు.

"నేనే," అన్నాడు.

"నేనే అంటే?"

జెడ్ గారు తెరవైపు చూశాడు. తను ఇంట్లో కూర్చునుంటే, ఇక్కడ ఇంకెవరో తలుపు తట్టి తన పేరు చెబుతారు. తలుపు తీసినవాళ్లు ఆయనే వచ్చాడనుకుంటారు. ఆయన రాడు. 

"జెడ్‌ని," అన్నాడు చివరికి. "భోజనానికి ఒక గంట ఆలస్యమవుతుంది."

ఫోను పెట్టేసి, ఖాతా తెరవొద్దని అమ్మాయితో చెప్పాడు. పంతొమ్మిదేళ్ల కిందట చేయాల్సిన గంట పని అప్పుడు మొదలెట్టాడు. ఇప్పుడు సంతకం ఒక్కటే చాలు, అది డాక్టరమ్మ పదమూడోసారి మెట్లు దిగుతూ పెట్టింది. కొత్త ఖాతాకి ఏం పేరు పెట్టమంటారని అమ్మాయి అడిగితే, తడుముకోకుండా 'ఆపరేటర్' అన్నాడు.

అమ్మాయి ఆ పేరుకి డ్రైవ్‌లో అనుమతి ఇచ్చి బొత్తాం నొక్కింది. మళ్లీ 'రానివ్వను' అంది. అమ్మాయి ముఖం వాడిపోయింది. జెడ్ గారు మాత్రం పాత స్నేహితుడు ఎదురైనట్టు నవ్వాడు.

"గేటు తీశావమ్మా, గది తీయలేదు. డ్రైవ్‌కి ఒక అనుమతి, లోపల ఫోల్డరుకి ఇంకోటి. రెండూ ఇవ్వాలి. ఈ డ్రైవ్ మొదట పెట్టినప్పుడు నాకు సగం రోజు దీనికే పోయింది."

రెండోదీ ఇచ్చారు. ఈసారి ఫోటో వెళ్లింది. పైనుంచి డాక్టరమ్మ ఫోను చేసి, వచ్చింది అన్న ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. వరండాలో ఒకాయన, చుక్కల మసకలో ఎదురుగా ఉన్న తెల్లకోటుకి దణ్ణం పెట్టాడు. అది వంకీకి వేలాడుతున్న ఖాళీ కోటు.

తెరమీద జెడ్ గారి పేరు ఆగిన వరస కింద, 'ఆపరేటర్' అని ఒక వరస, దాని కింద ఇంకొకటి, ఇంకొకటి పడుతున్నాయి. పది వరసలు పడేదాకా చూశాడు. పాత వరసలు పోవుకదా అని అమ్మాయినడిగాడు. అవెక్కడికీ పోవు సార్ అంది. ఆయన లేచి కుర్చీ అమ్మాయికిచ్చాడు.

ఇంటికెళ్లేసరికి భార్య అన్నీ మూతలు పెట్టి కూర్చుంది. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ మూతలు తీస్తూ విన్నది.

"అయితే ఇప్పుడు ఈ ఊళ్లో కళ్లన్నీ నా పేరు మీద ఉన్నాయన్నమాట," అంది.

"నీ ఉద్యోగం పేరు మీద," అని సరిదిద్దాడాయన.

ఆవిడ కంచంలో వడ్డించి, మంచినీళ్లు పెట్టి, ఎదురుగా కూర్చుంది. తర్వాత, ముప్పై నాలుగేళ్ల కాపురంలో మొదటిసారి, ఆయన్ని అసలు పేరుతో పిలిచి, అన్నం చల్లారిపోతోంది తినమంది.