రాహుకాలంలో రాసిన నెట్‌వర్కింగ్ పరీక్ష

మా బావమరిది నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ చేయాలా వద్దా తేల్చడానికి, 2002 వేసవిలో ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంట్లో, డైనింగ్ టేబుల్ మీద తెల్లకాగితం పెట్టి నడుమ నిలువుగా గీత గీశాను. ఎడమవైపు ఖర్చు, కుడివైపు ఫలితం. అతను మా ఆవిడ తమ్ముడు. మే నెలలోనే మాస్టర్స్ అయింది. చదువు ముగించిన విదేశీ విద్యార్థులకు పని చేసుకోవడానికి అమెరికా ఇచ్చే గడువు ఒక్క ఏడాది. ఈలోపు ఉద్యోగం రాకపోతే మళ్ళీ ఏదో ఒక కాలేజీలో చేరాలి, లేదా సామాను సర్దుకోవాలి. కంపెనీలు ప్రోగ్రామర్లను వదిలించుకుంటున్న రోజులవి.

ఎడమవైపు కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు, సాధనకు రెండు పాత రూటర్లు అని రాశాను. అన్నిటికంటే ఖరీదైనవి చివర రాశాను: ఆ ఏడాదిలోంచి పోయే నాలుగు నెలలు. కుడివైపు ఒకే వాక్యం: ప్రతి ఆఫీసులోనూ నెట్‌వర్క్ ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషి కావాలి.

"నాకు ఎక్స్‌పీరియన్స్ లేదు కదా బావా. సర్టిఫికెట్ చూసి జాబ్ ఇచ్చేస్తారంటారా?" అని అడిగాడు.

"ఎక్స్‌పీరియన్స్ లేదు కాబట్టేరా సర్టిఫికెట్," అన్నాను.

కాలేజీ రోజుల్లో హేతువాద చర్చావేదికల మీద ఇలాంటి మాటలతోనే చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. అతను ఒప్పుకున్నాడు. రుజువు చూపించమని లోకమంతటినీ నిలదీసే నేను, ఆ రోజు ఒక్క ఉద్యోగ ప్రకటన కూడా తెరిచి చదవలేదు.

రూటర్లు వచ్చి డైనింగ్ టేబుల్ ఆక్రమించాయి. వాటి ఫ్యాన్ల హోరుకు టీవీ వినపడేది కాదు. మేం సోఫాలో కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళం. అతను మాత్రం కేబుళ్ళు పీకుతూ, గుచ్చుతూ, కుర్చీలోంచి లేచేవాడు కాదు.

అక్టోబరులో పరీక్ష బుక్ చేయబోతే, ఒక శుక్రవారం పదిన్నరకు ఒక స్లాట్, ఒంటిగంటకు ఒకటి ఖాళీగా ఉన్నాయి. మా ఆవిడ ఫ్రిజ్ మీద అంటించిన గుడి క్యాలెండర్ చూసింది.

"పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలంరా. ఒంటిగంటది బుక్ చేసుకో."

నాకు మండింది. "ఇక్కడ వేసవిలో గడియారం ఒక గంట ముందుకి తిప్పుతారు కదా. ఆ సంగతి రాహువుకి ఎవరు ఫోన్ చేసి చెప్పారు?"

బావమరిది ఫక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మీరు నాతో వాదించి గెలవండి. మధ్యలో వాణ్ణెందుకు పెడతారు?"

"పదిన్నరకే రాస్తాడు. పాసై వచ్చాక నీ చేత్తోనే ఆ క్యాలెండర్ చింపుదువుగాని."

పదిన్నరకే రాశాడు. పాసయ్యాడు. ఆ వారాంతం స్నేహితుల ఇంట్లో భోజనాల దగ్గర ఆ కథ మూడుసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అతను తల వంచుకుని అన్నం కలుపుకుంటూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. వంటింట్లో నిలబడి మాట్లాడేవాడు. సర్టిఫికెట్ ఉందని చెప్పగానే అవతలివాళ్ళు మంచిదనేవాళ్ళు. రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎన్నేళ్ళు పనిచేశావు? ఆ జవాబు తర్వాత సంభాషణ రెండు నిమిషాలు కూడా సాగేది కాదు. జనవరిలో ఒక సాయంత్రం నేనే కూర్చుని ప్రకటనలు వరసగా చదివాను. కనీసం రెండేళ్ళ అనుభవం, సర్టిఫికెట్ ఉంటే మంచిది. కొన్నిటిలో గ్రీన్‌కార్డ్ కూడా ఉండాలి. ఈ వాక్యాలు వేసవిలోనూ ఇలాగే ఉండి ఉంటాయి. రాహువుతో తలపడే హడావుడిలో నేను వాటి దాకా రాలేదు.

మార్చిలో ఒక కన్సల్టెన్సీవాడు ఫోన్ చేశాడు. బావమరిది రిసీవర్ చేత్తో మూసి నా వైపు తిరిగాడు.

"రెజ్యూమేలో మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెడదాం, రిఫరెన్స్ సంగతి మేం చూసుకుంటాం అంటున్నాడు. ఏమంటారు బావా?"

"అబద్ధం రాయొద్దు," అన్నాను.

"మరైతే?"

అతని గొంతులో కోపం లేదు. నా దగ్గర జవాబు ఉంటుందన్న నమ్మకం ఇంకా ఉంది. నేను గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాను. అతను రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని, వద్దని చెప్పేశాడు.

గడువు తీరే ముందు ఇంకో రాష్ట్రంలో, ఇంకో కాలేజీలో, ఇంకో మాస్టర్స్‌కు సీటు తెచ్చుకున్నాడు. అది చదవాలన్న కోరిక అతనికి లేదు. సర్టిఫికెట్ ఫైల్లో అడుగున పెట్టుకున్నాడు. రూటర్లు బేస్‌మెంట్‌లోకి వెళ్ళాయి.

వెళ్ళేది శుక్రవారం పడింది. పది దాటేసరికి కార్‌లో సామాను ఎక్కించి, ఇద్దరం సీట్లలో కూర్చున్నాం. మా ఆవిడ పెరుగన్నం డబ్బా తెచ్చి తమ్ముడి ఒళ్ళో పెట్టింది. ఇన్ని నెలల్లో ఒక్కసారైనా రాహుకాలం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకెంతో తేలికగా ఉండేది. దానికి నా దగ్గర గంటసేపు చెప్పగలిగినంత ఉంది.

"ఎప్పుడు స్టార్ట్ చేద్దాం బావా?" అన్నాడు.

కార్‌లోని గడియారం పదీ ఇరవై ఎనిమిది చూపిస్తోంది. ఆమె గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. తాళంచెవి తిప్పబోయి, ఆగిపోయాను.

"పన్నెండు దాటనీ," అన్నాను.