ఏమీ లేదని చెప్పే అతీక్ భాయ్

అతీక్ భాయ్ పని చేస్తే ఎవరికీ చెప్పడు. చేయడానికి పనేమీ లేకపోతే మాత్రం ఊరంతా చాటుతాడు.

"ఫ్రిజ్‌ల పాలు లేకుంటే తేండ్రి," అంటుంది ఆయన భార్య జన్నత్ వదిన. ఆయన ఫ్రిజ్ తెరిచి చూసి, వంటింటి గుమ్మంలో నిలబడి ప్రకటిస్తాడు: "పాలు ఉన్నయి. నేను పోలే, ఏం తేలే. అంతా ఖైరియత్."

"ఉంటే ఊకోండ్రి! రేడియోల వార్తలా ఏంది?"

"ఊకుంటే నేను సూసిన్నో, మర్సిపోయిన్నో నీకెట్ల తెలుస్తది?"

సీతాఫల్‌మండిలో మా పక్కవాటాలోనే ఉంటూ నాకూ ఫోన్ చేస్తాడు. "అన్నా, నీతోని పనేం లేదు. గది చెప్దామని చేసిన."

మారేడ్‌పల్లిలో మాది ఒకే ఆఫీసు. రక్తపరీక్షల ల్యాబులకు ప్రోగ్రాములు రాస్తాం. ఆ విద్య నాకు ఆయన పక్కన కూర్చుని వింటూ వచ్చిందే. కంప్యూటర్ నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేస్తే పని జరుగుతుంది. మరి చేసేందుకు ఏమీ లేకపోతే తెర ఏం చెప్పాలి? ఈ ప్రశ్న మీద ఆయనకూ మేనేజర్ వేణుమాధవ్ గారికీ యుద్ధమే నడిచింది.

"తప్పని ఎర్రక్షరాలల్ల చూపియ్యాలె," అన్నారు మేనేజర్ గారు.

"ఎందుకు సార్? ఊడ్వమన్నరు, ఇల్లు ముందే సాఫ్ ఉంది. గది ఎవరి తప్పు?"

"అయితే సప్పుడు చెయ్యకుండ పోవాలె."

"పోతే, ప్రోగ్రాం చచ్చిందో బతికిందో ఎవరికెరుక?"

వేణుమాధవ్ గారు లేచి వెళ్లిపోయారు. "ఒప్పుకున్నట్టేనా సార్?" అంటూ, ఆయన "ఊ" అనేదాకా లిఫ్టు వరకూ వెంటపడ్డాడు అతీక్ భాయ్.

కొత్తగా చేరిన స్వర్ణలతకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒకరోజు ఓ ల్యాబువాళ్ల రిపోర్టుల పాత నకళ్లు తీసేయమన్నారు. ఆజ్ఞ ఇచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వచ్చాక, పని జరిగిందో లేదోనని మళ్లీ అదే ఆజ్ఞ ఇచ్చింది. ఇచ్చాక తెర వైపు చూడకుండా కుర్చీ వెనక్కి జరిపేసింది. నకళ్లు మొదటిసారే పోయుంటే, ఈసారి పోయినవి అసలు రిపోర్టులా?

"అన్నా, నా నౌకరీ పోయినట్టే. జెర నువ్వే సూడు," అంది కళ్లు గట్టిగా మూసుకుని.

తెర మీద ఉన్నది పైకి చదివాను. "తీసేయడానికి ఏమీ లేదు. నకళ్లు ముందే తీసేశాం. అసలు రిపోర్టులు ముట్టుకోలేదు. మీరేమీ పాడు చేయలేదు. చాయ్ తాగి రండి."

స్వర్ణలత ఒక కన్ను తెరిచింది. "చాయ్ అని సుత రాసున్నదా?"

"నేనే రాసిన," అన్నాడు అతీక్ భాయ్, తల తిప్పకుండానే. "కొత్తల నాకు గిట్లనే అయింది. తెర ఒక్క ముక్క చెప్పలే. అన్నం ముట్టకుండ దినమంత దాన్నే సూసుకుంట కూసున్న."

మర్నాడు వేణుమాధవ్ గారు వచ్చి స్వర్ణలత బల్ల దగ్గర ఆగారు. ఆమె గాభరాగా లేచి నిలబడింది.

"ఏం లేదమ్మా. నీతోని పనేం లేదు." ఆయన ఓసారి అతీక్ భాయ్ వైపు చూసి గొంతు సవరించుకున్నారు. "గది చెప్దామని వచ్చిన."