జనార్ధన్ గంటె పట్టిన ఆదివారం

సరూర్‌నగర్ పాత ఊళ్లో జనార్ధన్ ఎవరో చెప్పాలంటే, ముందుగా ఆయన ఏ పనీ చేయడని చెప్పాలి. అందులో ఆయన తప్పేమీ లేదు. తండ్రి హయాంలో చెరువు కింద వరి పండిన పొలం ఆయన చేతికి వచ్చేసరికి ప్లాట్లుగా మారింది. చివరికి మిగిలిన ముక్కలో, కొత్తపేట వైపు, ఒక బిల్డింగ్ లేచింది. కింద మొబైల్ షాపు, పైన కోచింగ్ సెంటర్లకు వచ్చే ఆడపిల్లల హాస్టల్. హాస్టల్ వాళ్లు నీళ్లు ఎక్కువగా వాడుతున్నారని బాధపడటం, ఆ బాధను దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల పక్కనున్న ఛాయ్ హోటల్లో స్నేహితులకు చెప్పుకోవడం, ఇదీ ఆయన ఉద్యోగం. అరవైకి దగ్గర పడినా ఆ ఉద్యోగానికి ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

మనిషికి ఒక బాధ్యతంటూ ఉండాలి కాబట్టి ఇంటి ఆనవాయితీలను కాపాడే పనిని జనార్ధన్ తనకు తానే అప్పగించుకున్నాడు. ఆ ఇంట్లో ఆనవాయితీలకు కొదవ లేదు. కొదవ వస్తుందనిపిస్తే అక్కడికక్కడే ఒకటి పుట్టేది. ఎల్బీనగర్‌లో పెళ్లి విందుకు వెళ్తే బఫే దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. "మన ఇంట్ల పెద్దోడు లైన్ల నిలవడడు. తాతల కాలం కెల్లి ఉన్నది" అన్నాడు. కొడుకు అభిలాష్ రెండు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డాడు. తాతల కాలంలో బఫే ఎక్కడిదని అడగాలని కొడుక్కి తోచలేదు. కారులో ముందు సీటు పెద్దవాడిది. కూరలో మూలుగున్న నల్లి బొక్క పెద్దవాడిది. తిన్న తర్వాత చెట్టు నీడన చాప వేస్తే, ఆ చాప కూడా పెద్దవాడిదే.

వీటన్నిటిలోకీ ఆయనకు ప్రాణమైనది వంటలకు పోవడం. బోనాలు ముగిసిన తర్వాత వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదీ ఊరి బయటికి వెళ్లి, గ్రామదేవత మైసమ్మ పేరు చెప్పుకుని, పొయ్యి పెట్టి వండుకుని తినాలి. ఇది మాత్రం నిజంగానే పాత పద్ధతి. పూర్వం చెరువు కట్ట మీదే జరిగేది. ఇప్పుడు ఇబ్రహీంపట్నం దాటిన తర్వాత ఈతకొలను ఉన్న ఫాంహౌస్ ఒకటి కిరాయికి తీసుకుంటున్నారు. ఆనవాయితీ అలాగే ఉంది, కాకపోతే దానికి వైఫై వచ్చింది.

జనార్ధన్ భార్య ఇంద్రమ్మకు మాత్రం షికారు అంటే వంటిల్లు ఊరు మారడమే. తెల్లవారకముందే లేచి అల్లం ఎల్లిగడ్డ నూరి, గంజులూ గరిటెలూ మూటలు కట్టేది. అక్కడికి వెళ్లగానే తోటికోడలు స్వర్ణలతతో కలిసి పొయ్యి ముందు కూర్చునేది. మగవాళ్లు తిని, పడుకుని, లేచి, ఛాయ్ తాగి "ఇగ పోదామా?" అనే వేళకు ఆమె చేతులు కడుక్కునేది. ఈతకొలనులో నీళ్లున్నాయన్న సంగతి ఆమెకు ఫోటోలు చూస్తేనే తెలిసేది.

కిందటేడు ఆ ఇంటికి కోడలు వచ్చింది. పేరు విజయదుర్గ. ఆమె పుట్టింటివాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డవాళ్లు. ఆ పిల్ల నెమ్మది, మర్యాద ఎక్కువ. మర్యాదగా అడిగే ప్రశ్నలకు జనార్ధన్ ఎన్నడూ అలవాటు పడలేదు. మొదటిసారి వంటలకు వెళ్లినప్పుడే ఆమె అడిగింది:

"మావయ్యగారూ, మగవాళ్లు ముందు తినాలని ఎవరు పెట్టారండీ?"

"పెద్దోళ్లు."

"ఏ పెద్దవాళ్లండీ?"

జనార్ధన్‌కు ఆ రోజు నల్లి బొక్క రుచించలేదు. ఏడాదంతా ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంది. అందుకే ఈసారి సాక్షిని తీసుకుపోవాలని నిర్ణయించాడు. మీర్‌పేటలో కూతురి దగ్గరుంటున్న మేనత్త అండాలమ్మను స్వయంగా కారులో ఎక్కించుకొచ్చాడు. ఎనభై దాటిన మనిషి, ఆ ఇంట పుట్టిన ఆడబిడ్డ. ఆమె నోటితో చెప్పిస్తే కోడలు ఇక నోరు మెదపదు. అత్త మీద గౌరవంతో ముందు సీటు కూడా ఆమెకే ఇచ్చాడు. వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి తగులుతున్నా చిరునవ్వు చెదరనివ్వలేదు.

ఫాంహౌస్‌లో దిగగానే ఇంద్రమ్మ పొయ్యి రాళ్లు సర్దింది. స్వర్ణలత ఉల్లిగడ్డల సంచీ విప్పింది. జనార్ధన్, తమ్ముడు బాల్‌రాజ్ వేపచెట్టు కింద కుర్చీలు వేయించుకున్నారు. అందరూ వినేటట్టు జనార్ధన్ గొంతు సవరించుకున్నాడు.

"అత్తా, మన ఇంటి ఆనవాయితీ జర మా కోడలికి చెప్పు. ఇప్పటి పిల్లలకు తెల్వది."

అండాలమ్మ దవడకున్న ఆకు వక్క పక్కకు తోసింది. "ఏం ఆనవాయితీ అల్లుడా?"

"అదే అత్తా, వంటల దినం ఎవరు వండాలె, ఎవరు ముందుగాల తినాలె."

ముసలమ్మ చుట్టూ చూసింది. ఇంద్రమ్మ తడి కట్టెలను ఊదుతోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ముసలమ్మ చూపు కాసేపు అక్కడే ఆగింది.

"అయ్యో, గిదేంది?" అంది అండాలమ్మ. "వంటల దినం ఆడోళ్లు పొయ్యి ముట్టద్దు గదా! మీ తాత గంటె పట్టేటోడు. ఆయన తర్వాత మీ నాయిన పట్టిండు. మేమందరం చాప మీద కూసుని పాటలు పాడుకునేటోళ్లం. మేం తిన్నంకనే మగోళ్లు కూసునేది. నీకు యాదికి లేదా?"

జనార్ధన్ కుర్చీలో ముందుకు జరిగాడు. "నేను... సూడలే అత్తా."

"యాడ సూస్తవ్? చెర్ల ఈతలు కొట్టుకుంట ఉండేటోనివి."

అంతే. ఇంద్రమ్మ ఊదుడు గొట్టం కింద పెట్టి, చేతులు కడుక్కుని, వచ్చి చాప మీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె అంత వేగంగా కదలడం జనార్ధన్ చూడలేదు. స్వర్ణలత ఉల్లిగడ్డల సంచీని మర్యాదగా మొగుడి ఒళ్లో పెట్టింది.

"ఆనవాయితీ తప్పకూడదు కదండీ మావయ్యగారూ" అంది విజయదుర్గ. "మీరే అంటారుగా."

అభిలాష్ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. "ఆ ఫోను పక్కకు వెట్టి ఉల్లిగడ్డలు కొయ్యిరా!" అని తండ్రి అరిచాడు. ఆయనలో వంటవాడు పుట్టింది ఆ క్షణంలోనే.

ఆ తర్వాత జరిగింది చూసి ఫాంహౌస్ కుక్క కూడా దూరం జరిగింది. బాల్‌రాజ్ ఉల్లిగడ్డలు కోస్తూ పెళ్లికూతుర్ని సాగనంపినట్టు ఏడ్చాడు. పొయ్యి మీదకు వంగిన జనార్ధన్ మీసాల చివరలు చురచుర కాలాయి. నూనె వేడెక్కకముందే మాంసం వేశాడు, వేశాక నూనె చాలదని మళ్లీ పోశాడు. బగారన్నానికి ఎసరు ఎంతో తెలియక చాప వైపు తిరిగాడు.

"ఇంద్రా, నీళ్లు ఎన్ని?"

అండాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "అడుగుడు గూడ లేదు అల్లుడా. ఆడోళ్లను అడిగితె మైసమ్మకు కోపమొస్తది."

ఆయన గంజులోకి చూశాడు. గంజు కూడా ఏమీ చెప్పలేదు.

మధ్యలో నీళ్లు అయిపోతే జనార్ధన్ బకెట్ పట్టుకుని గోడ వెనకనున్న నల్లా దగ్గరికి వెళ్లి నీళ్లు పట్టసాగాడు. గోడకు అవతల చాప. ఆడవాళ్ల మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి.

"నిజంగ మామ గంటె పట్టేటోడా అత్తమ్మా?" ఇంద్రమ్మ గుసగుసగా అడుగుతోంది. "నేనెన్నడు సూడలే. మంచినీళ్లు గూడ ముంచుకుని తాగకపాయె ఆయన."

"మా అన్ననా? గంటెకు ఏ దిక్కు పట్టుకోవాల్నో ఆయనకేం తెలుసు?"

"మరి గట్ల చెప్తివి?"

"నీ మొగడు చెప్పేటియి ఎంత నిజమో, గిది గూడ గంతే నిజం బిడ్డా. ఆయనొక్కడే పుట్టిస్తడా? నేను గా ఇంట్లనే పుట్టిన."

చాప మీద నవ్వులు పేలాయి. విజయదుర్గ నవ్వు అన్నిటికంటే మర్యాదగా, అన్నిటికంటే ఎక్కువసేపు వినిపించింది.

జనార్ధన్‌కు నెత్తురు తలకెక్కింది. బకెట్ అక్కడే పడేసి, గోడ చుట్టి వెళ్లి, "అబద్ధం! గిది ఆనవాయితీయే కాదు!" అని అరవాలనుకున్నాడు. రెండడుగులు వేశాడు కూడా. అప్పుడు తట్టింది, కోడలు తర్వాత ఏమడుగుతుందో. "మరి ఏది ఆనవాయితీ అండీ?" అంటుంది. బఫే లైను సంగతి వస్తుంది. ముందు సీటు వస్తుంది. నల్లి బొక్క వస్తుంది. ఒక్క అబద్ధాన్ని లాగితే దాని వెంట ఇల్లంతా ఊడి వచ్చేటట్టుంది. వెనక్కి తిరిగాడు. బకెట్ నిండి పొర్లుతోంది. నల్లా కట్టేసి, బకెట్ ఎత్తుకుని, ఏమీ విననట్టు పొయ్యి దగ్గరికి వచ్చాడు.

ఎండ నడినెత్తి దాటిన తర్వాత వంట అయింది, లేదా వంటవాళ్లు ఇక చాలనుకున్నారు. బగారన్నం అడుగున మాడింది, పైన బియ్యంగానే మిగిలింది. మధ్యలో ఉన్న పొర మాత్రం బాగానే ఉడికింది. ముందు ఆడవాళ్లు కూర్చున్నారు. మగవాళ్లు వడ్డించారు. జనార్ధన్ గంటె పట్టుకుని, కడుపులో ఎలుకలు పరుగెడుతుంటే, పక్కన నిలబడి చూశాడు. ఇంకొకరు తింటుంటే నిలబడి చూడటం ఆయనకు అదే మొదలు.

ఇంద్రమ్మ ప్లేటులోకి నల్లి బొక్క పడింది. ఆమె దాన్ని తీసి, ప్లేటు అంచుకు టకటక కొట్టి, కళ్లు మూసుకుని పీల్చింది. ఆ చప్పుడు, ఆ మొహం జనార్ధన్‌కు కొత్త.

"నీకు నల్లి బొక్క ఇష్టమని నాకెన్నడు చెప్పలే" అన్నాడు.

"నాకెన్నడు దొరికింది, చెప్పనీకె?" అంది ఇంద్రమ్మ కళ్లు తెరవకుండానే.

జనార్ధన్ గంజులో వెతికి ఇంకొకటి తీసి ఆమె ప్లేటులో వేశాడు. తర్వాత తను తినడానికి కూర్చుంటే మాంసం రబ్బరులా సాగింది, ఉప్పు సముద్రంలా తగిలింది. "ఎవడు వండిండు గిది?" అని అలవాటు ప్రకారం అనబోయి, ఆపుకున్నాడు.

సోమవారం ఛాయ్ హోటల్లో స్నేహితులు కాలిన మీసాల సంగతి అడిగారు. జనార్ధన్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "మా ఇంట్ల వంటల దినం మగోళ్లే వండాలె. తాతల కాలం కెల్లి ఉన్నది. మీ ఇండ్లల్ల లేదా? అవ్, అందరిండ్లల్ల ఉండది." చెబుతున్న కొద్దీ తాతగారి చేతిలో గంటె పెద్దదవుతూ వచ్చింది. స్నేహితుడు దశరథ అటూ ఇటూ చూసి చెవిలో అన్నాడు: "జనార్ధనన్నా, గీ ముచ్చట మా కౌసల్య ముంగట చెప్పకు. నీకు దండం పెడ్త."

ఆ నెల నుంచి ఇంద్రమ్మ వంట చేస్తుంటే జనార్ధన్ మంచినీళ్ల వంకతో వంటింట్లోకి రావడం మొదలుపెట్టాడు. నీళ్లు తాగుతూ గంజులోకి తొంగి చూసేవాడు. ఉప్పు ఎప్పుడు వేస్తోంది, మూత ఎప్పుడు తీస్తోంది, అన్నీ ఓరకంట గమనించేవాడు. ఇంద్రమ్మ కావాలనే కొంచెం నెమ్మదిగా వేసేది.

దసరా పోయిన తర్వాత ఒక ఆదివారం మళ్లీ అందరూ బయలుదేరారు. ఈసారి గంటె ఆయనే అడిగి తీసుకున్నాడు. తమ్ముణ్ని, కొడుకుని అదిలిస్తూ, చెమటలు కక్కుతూ వండాడు. చాప మీద ఆడవాళ్లు తినడం మొదలుపెట్టారు. ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడకుండా తింటున్నారంటే అర్థం ఏమిటో, ఎన్నో ఏళ్లు తిన్నవాడు కనక ఆయనకు తెలుసు.

అండాలమ్మ మెత్తటి ముక్క ఒకటి నములుతూ తల పైకెత్తింది. "అల్లుడా, అచ్చం మీ నాయిన చేతి రుచే వచ్చింది."

ఇంద్రమ్మ తల దించుకుంది. విజయదుర్గ పెదవి కొరుక్కుంది. తన తండ్రి జన్మలో గంటె పట్టలేదని జనార్ధన్‌కు తెలుసు. ఆ సంగతి ముసలమ్మకూ తెలుసు. అయినా ఆయన మొహం వెలిగిపోయింది. కళ్లు కొంచెం తడిశాయి. అది పొగ వల్ల కావచ్చు.

"అవ్ అత్తా" అన్నాడు, గంటెతో ఆమెకు ఇంకొంచెం కూర వేస్తూ. "వండుతుంటె నాకు గూడ గట్లనే అనిపించింది."