బండల సందుల్లో గుడ్లు

నా చిన్నప్పుడు నన్ను ఒక్కచోట కూర్చోబెట్టగలిగిన మనిషి మా ఇంట్లో లేరు. ఒక పూట అన్నం తినడానికి మూడుసార్లు లేచేదాన్ని. మా నాయనమ్మ నన్ను పేరుపెట్టి పిలిచింది తక్కువ, "కాలుగాలిన పిల్లి" అని పిలిచింది ఎక్కువ. ఇప్పుడు మోకాళ్ళు అరిగాయి కానీ బుద్ధి మాత్రం మారలేదు. ఈ నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాక కూడా రెండుసార్లు లేచి వెళ్ళి పొయ్యి చూసి వచ్చాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మాది ఆర్మూర్. మా నాన్న పసుపు పాలిష్ పట్టే చోట పనిచేసేవాడు. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ముల్ని పెద్ద ఇనుప డ్రమ్ములో వేసి తిప్పుతారు. పైపొట్టు రాలి గోధుమరంగు దుమ్ముగా లేస్తుంది. ఆ దుమ్ము నాన్న చొక్కాలో, చెవుల్లో, ఆయన దులుపుకొని లోపలికొచ్చే మా గడప మీద ఎప్పుడూ ఉండేది. పసుపు వచ్చే ఆ ఎండాకాలపు నెలల్లో మా ఇంట్లో తెల్లబట్ట తెల్లగా ఉన్నది నేను చూడలేదు.

మా పక్కింటి అక్క ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. ముందుగదిలో మిషను, దాని పక్కన కిటికీ దగ్గర ఒక అద్దాల తొట్టి, అందులో రెండు ఏంజెల్ చేపలు. కొలతలకు వచ్చే వాళ్ళ పిల్లలు ఏడవకుండా ఉంటారని మొదట పెట్టిందట. తరువాత ఆ చేపలే ఆమెకు పిల్లలైపోయాయి. ఆ జంట రెండుసార్లు గుడ్లు పెట్టింది. రెండుసార్లూ పిల్లలు బయటికి వచ్చి, ఈత నేర్చి, మూడోనాటికల్లా అడుగున పడిపోయాయి. బజారులో అమ్మే మేత వాటి నోటికి పట్టదు. అవి ఆకలితో చచ్చాయి, అంతే. రెండోసారి అక్క ఆ రోజంతా మిషను తొక్కలేదు. ఎవరిదో పెళ్ళి జాకెట్టు అట్లాగే ఉండిపోయి, వాళ్ళు వచ్చి అరిచి వెళ్ళారు.

అక్క తమ్ముడు నెల్లూరు వైపు రొయ్య పిల్లల్ని పొదిగించే చోట పనిలో ఉండేవాడు. సెలవుకు వచ్చినప్పుడు కెమెరా రీలు వచ్చే నల్లటి చిన్న డబ్బాలో కొంచెం పొడి తెచ్చిచ్చాడు. దాల్చినచెక్క పొడిలా ఉంది. అది పొడి కాదు, గుడ్లు. ఉప్పునీళ్ళలో బతికే చిన్న రొయ్య జాతివి. పొడిగా ఉన్నన్నాళ్ళు ఏళ్ళ తరబడి అట్లాగే నిద్రపోతాయట. ఉప్పు కలిపిన నీళ్ళలో వేసి, గాలి ఆడిస్తే ఒక రోజులో చుక్కల్లాంటి పిల్లలు పుడతాయి. ఏంజెల్ పిల్లల నోటికి అవే సరిగ్గా సరిపోతాయి.

ఆ డబ్బాను అక్క నా చేతిలో పెట్టింది. తన ముందుగదిలో పదిమంది చేతులు పడతాయని పైకి చెప్పిన మాట. అసలు సంగతి వేరే, ఒక బాధ్యత మీద పడితే నాకు కుదురు వస్తుందని. "నువ్వొక్క కాడ కూసోవు గదా పిల్లా. గిది నీ దగ్గర దాచిపెట్టు. గుడ్లు పెట్టినంక అడుగుత. మూత మాత్రం తియ్యకు," అంది. నాకు అంతవరకు ఎవరూ ఏదీ దాచమని ఇవ్వలేదు. దాన్ని నా బట్టల పెట్టెలో అడుగున పెట్టి, రోజుకు పదిసార్లు పెట్టె తెరిచి చూసుకునేదాన్ని.

ఏంజెల్ జంట మళ్ళీ గుడ్లు పెట్టిన రోజు శనివారం. మర్నాడు మధ్యాహ్నం కరెంటు లేదు. ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, నేను తప్ప. గుడ్లు లోపల కదులుతుంటాయేమో, ఒక్కసారి చూస్తే ఏమవుతుంది అనిపించింది. నేల మీద కూర్చుని, డబ్బా బండ మీద పెట్టి మూత తీశాను. ఏమీ కదల్లేదు. ఇంకొంచెం వంగి, ఉన్నదంతా అరచేతిలోకి ఒంపుకొని చూస్తున్నాను. అప్పుడే కరెంటు వచ్చింది. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరిగింది.

నా అరచేతిలో ఏమీ మిగల్లేదు.  ఎవరూ లేవకముందే చీపురు తెచ్చి గబగబా ఊడ్చి, కనపడినంతా చేటలోకెత్తి మురుగు పారే మోరీలో పోశాను. ఖాళీ డబ్బా చూస్తే ఏడుపొచ్చింది. అంతలో గడప దగ్గర నాన్న దులిపిన పొట్టు దుమ్ము కనపడింది. రంగు కొంచెం అటూఇటూగా అదే. ఇంకేం ఆలోచించలేదు. చిటికెలతో ఎత్తి డబ్బా నింపి మూత పెట్టాను. ఆ దెబ్బతో గట్టెక్కాననుకున్నాను.

మంగళవారం సాయంత్రం అక్క డబ్బా అడిగింది. తొట్టిలోని మొక్క ఆకు మీద గుడ్లు పగిలి, వెంట్రుకల్లాంటి పిల్లలు తోకలు ఊపుతున్నాయి. ఇంకో రోజులో ఈదుతాయి, ఆ వెంటనే మేత కావాలి. అక్క గాజు సీసాలో నీళ్ళు పోసి, దొడ్డుప్పు కలిపి, డబ్బాలోది అందులో ఒంపింది. గాలి కొట్టే చిన్న మోటారు నుంచి సన్నటి పైపు వదిలింది. బుడగలు లేచాయి. నీళ్ళు పచ్చబడ్డాయి.

అక్క ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసింది. వాసన చూసింది. నా వైపు చూసింది. నేను తొట్టి వైపు చూశాను.  ఆమె సీసాను కిటికీలో పెట్టి, "రేపు మాపటికి కదలాలె. గిది నువ్వే చూస్కోవాలె," అని మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ కాలంలో కరెంటు రోజుకు ఎన్నిసార్లు పోయేదో లెక్క లేదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, గుడ్లకు గాలి ఆడదు. అక్క పైపును మోటారు నుంచి ఊడదీసి దాని కొస నా నోటికి అందించింది. "ఊదు," అంది. అంతే.

ఊదాను. ఆ సాయంత్రం ఊదాను. బుధవారం బడికి వెళ్ళేముందు ఊదాను, వచ్చాక ఊదాను. బుడగబుడగకు పసుపు పొట్టు పైకి లేచి మళ్ళీ కిందికి దిగేది. అందులోంచి ప్రళయకాలం దాకా ఊదినా ఏమీ పుట్టదని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే అనుకున్నాను. ఎదురుగా తొట్టిలో పిల్లలు ఆకు వదిలి ఈదడం మొదలుపెట్టాయి. ఆకలితో అటూ ఇటూ తిరుగుతున్నాయి. అక్క ఉడకబెట్టిన కోడిగుడ్డు పచ్చసొనను గుడ్డలో కట్టి నీళ్ళలో పిండింది. కొన్ని తిన్నాయి, చాలావాటికి అదేమిటో అర్థం కాలేదు. మామూలుగా నేను కుదురులేకుండా తిరిగితే నాకు హాయిగా ఉండేది. ఆ రెండు రోజులు మాత్రం కూర్చోలేకా, లేవలేకా చచ్చాను. తేలుకుట్టిన దొంగ గతి నాది. నిద్రలో కూడా ఊదుతున్నానని అమ్మ నవ్వింది.

గురువారం పొద్దున్నే వెళ్ళేసరికి తొట్టి అడుగున తెల్లగా ఏడు పిల్లలు చచ్చి పడి ఉన్నాయి. కరెంటు లేదు. అక్క పైపు అందించింది. నేను నోట్లో పెట్టుకున్నాను, ఊదలేకపోయాను. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పేశాను: ఫ్యాను, చీపురు, మోరీ, నాన్న దుమ్ము.

చెంప మీద పడుతుందనుకున్నాను. ఎందుకు తీశావని, ఎందుకు దాచావని అడుగుతుందనుకున్నాను. అక్క అవేవీ అడగలేదు. లేచి నిలబడి, "ఏడ పడ్డయ్?" అంది.

నాకు అర్థం కాలేదు. "మోరీల పోసిన అక్కా," అన్నాను.

"ఊడ్చినయి కాదు. చీపురుకు రానియి ఉంటయి గదా. ఏడ కూసున్నవో చూపెట్టు. బండలు కడిగిండ్రా?"

కడగలేదు. నీళ్ళకు కరువు, అమ్మ శుక్రవారం మాత్రమే కడిగేది. రేపే శుక్రవారం. అక్క మిషను డబ్బాలోంచి దుమ్ము దులిపే చిన్న బ్రష్షు, ఒక పెద్ద సూది, ఒక కాగితం తీసుకుని మా ఇంటికి నడిచింది. మా ఇంట్లో షాబాద్ బండలు. బండకూ బండకూ మధ్య సందు. ఆమె మోకాళ్ళ మీద వంగి, సూదిమొనతో సందుల్లోని దుమ్మును గీరి, బ్రష్షుతో కాగితం మీదికి ఎత్తసాగింది. నేను పెట్టె వెనక, మంచం కోళ్ళ కింద వెతికాను. ఎత్తింది గుడ్లో మట్టో తెలియదు. ఏదైనా సరే ఎత్తమంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి మమ్మల్ని చూసి నిలబడిపోయింది. "ఏమైంది బిడ్డా? ఏం దేవులాడుతున్నరు?" అంది. నేను మంచం కిందికి ఇంకా దూరాను. అక్క తల ఎత్తకుండానే, "సూది పడ్డది చిన్నమ్మా. పిల్ల కాలుకు గుచ్చుకుంటదని," అంది. సూది ఆమె చేతిలోనే ఉంది. అయ్యో అంటూ అమ్మ కూడా చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని కూర్చుని, మాతోపాటు లేని సూదిని వెతికింది. పాపం, అందరికంటే ఎక్కువ దుమ్ము ఎత్తింది అమ్మే.

ఆ దుమ్మంతా కొత్త ఉప్పునీళ్ళలో పోశాం. మురికి నీళ్ళు. అందులో వెంట్రుకలు, దారపు ముక్కలు. కరెంటు వచ్చేదాకా నేనే ఊదాను. ఈసారి చెంపలు నొప్పిపుట్టేలా ఊదాను. ఊదుతూనే అక్కను అడిగాను, నీకు ముందే తెలుసా అని. ఆమె చేపల వైపు చూస్తూ చెప్పింది. "ఆర్మూర్ల పుట్టినోళ్ళకు పసుపు నీళ్ళు తెల్వయా? నువ్వే చెప్తవని చూసిన. ఒక్క పూట ఎక్కువ చూసిన. గా సచ్చిన ఏడింటిల నా పాలు సుత ఉన్నది." ఇంకో మాట కూడా అంది. "ఎండిన గుడ్లు బిడ్డా. కింద పడితే ఏం గాదు. నాడే చెప్తే చేటల దుమ్ముతోని సుత పొదిగేటియి."

నేను చేసిన తప్పు ఏమిటో అప్పుడు తెలిసింది. మూత తీయడం చిన్నది. గుడ్లు మోరీలో పోసినప్పుడు కూడా కొన్ని బండల మధ్య నాకోసం మిగిలే ఉన్నాయి, నేను నాలుగు రోజులు వాటి మీద నడుస్తూ తిరిగాను.

ఆ సాయంత్రం అమ్మకు నేనే చెప్పాను. సూది పడలేదని, పడింది వేరేదని. అమ్మ నడుము పట్టుకుని, "గందుకా నన్ను గంటసేపు వంగబెట్టింది!" అని మొదట తిట్టి, తరువాత నవ్వి, మర్నాడు మధ్యాహ్నం బండలు కడగడం మాని నాతోపాటు పక్కింటికి వచ్చింది.

అక్క సీసాకు నల్లటి లైనింగు గుడ్డ చుట్టి, ఒక పక్క మాత్రం చిన్న సందు వదిలి, అక్కడ టార్చి పెట్టింది. కాసేపు ఏమీ లేదు. నేను లేవబోతే అమ్మ నా భుజం పట్టి కూర్చోబెట్టింది. తరువాత ఆ వెలుతురులోకి ఒక నారింజరంగు చుక్క వచ్చింది. ఇంకొకటి. చూస్తుండగానే ఒక గుంపు. మా ఇంటి దుమ్ములోంచి ప్రాణాలు లేచి వచ్చాయి. "అమ్మా!" అని అరిచాను. నాకంటే గట్టిగా అమ్మ అరిచింది.

అక్క వాటిని పైపుతో పీల్చి, గుడ్డలో వడగట్టి, మంచినీళ్ళతో కడిగి తొట్టిలో వదిలింది. అప్పటికి ఇంకా కొన్ని పిల్లలు పోయాయి. మిగిలింది ఇరవై, ముప్పై. అవి ఒక్కసారిగా ఆ చుక్కల మీద పడ్డాయి. వాటి ఒళ్ళు గాజులా ఉంటుంది కదా, తిన్నది తిన్నట్టు కనపడింది. ఒక్కొక్కదాని కడుపు నారింజ రంగుకు తిరిగింది. అక్క తొట్టికి నుదురు ఆనించి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిషను మీద ఎవరిదో జాకెట్టు ఆ రోజు కూడా అట్లాగే ఉండిపోయింది.

ఆ దుమ్ములోంచి వచ్చినవి మూడు రోజులకే సరిపోయాయి. ఆలోగా తమ్ముడికి కబురు పంపి మళ్ళీ తెప్పించింది. ఈసారి కూడా డబ్బా నా చేతికే ఇచ్చింది. మూత తియ్యకు అని మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు ఆ గుడ్ల పొట్లం ఫోనులో నొక్కితే ఇంటికి వస్తుంది. మా మనవరాలికి చేపల పిచ్చి పట్టి, ప్లాస్టిక్ సీసా తలకిందులు చేసి వాటిని పొదిగిస్తోంది. అదీ నా రక్తమే, ఒక్కచోట నిలవదు. మొన్న వంటింటి గుమ్మం దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. ఆ నిలబడడం నాకు బాగా తెలుసు. నా నోటి దాకా తిట్టు వచ్చింది. నాది చల్లటి నోరేమీ కాదు. ఆ తిట్టును మింగి, మోకాళ్ళు పట్టుకుని లేచి, నా కుట్టు మిషను డబ్బాలో బ్రష్షు వెతుక్కుంటూ అడిగాను.

"ఏడ పడ్డయ్ బిడ్డా?"