ఒక పలక తక్కువైన కొట్టు

నా చిన్నప్పుడు పటమటలో మాకొక చిన్న బేకరీ ఉండేది. కేకులు, బన్నులు చేసేది మా అబ్బా, అంటే నాన్న. కొట్లో కూర్చుని వచ్చినవాళ్లను పలకరించడం, నవ్వించడం, అలిగినవాళ్లను బుజ్జగించడం అన్నీ అమ్మీ పనులు. ఒక వానాకాలంలో అమ్మీ జ్వరంతో పోయింది. చుట్టాలు ఉన్నన్నాళ్లూ అబ్బా బాగానే ఉన్నట్టు కనిపించాడు. వాళ్లు వెళ్లిపోయాక మనిషి మనిషిలా లేడు. పొద్దున ఏదో చేసేవాడు, మధ్యాహ్నం కాకుండానే కొట్టు మూసేసి లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే అడిగేవాడు కాదు. అమ్మీ పోయిన దుఃఖం కన్నా, అబ్బా కూడా పోతాడేమోనన్న భయం నన్ను ఎక్కువగా తినేసేది.

అలాంటి రోజుల్లోనే ఉయ్యూరు నుంచి ఎవరో పెళ్లికి కేకు కావాలన్నారు. చర్చిలో పెళ్లి. మూడంతస్తుల కేకు, లోపలంతా జీడిపప్పు, ఎండుద్రాక్ష. పైన గట్టి చక్కెర పూత. అడుగు కాస్త వంగినా ఆ పూత పగిలిపోతుంది. పెళ్లినాడు పొద్దున అబ్బా అంతస్తులు విడివిడిగా సిద్ధం చేసి, అడుగున పెట్టడానికి ఒక మందపాటి అట్టకు వెండి కాగితం చుట్టి బల్ల మీద ఉంచాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

మా దాదా, అంటే అబ్బాకు నాన్న, ఆ అట్టను తీసి రెండు ఇటుకల మీద పరిచి, నన్ను దాని మీద నిలబడమన్నాడు. అప్పటికి నా బరువూ ఆ కేకు బరువూ ఇంచుమించు ఒకటే. నేను ఎక్కగానే అట్ట మధ్యకి వాలిపోయి నా మడమలు నేలకు తగిలాయి.

“బల్ల మీద ఉన్నంతసేపు ఏ అట్టయినా గట్టిదే బేటా. చేతుల్లోకి ఎత్తినప్పుడే దాని సంగతి తెలిసేది,” అన్నాడు దాదా. మాట నాతోనే గానీ, చూపు అబ్బా మీద ఉంది.

తర్వాత ఒక ప్లైవుడ్ ముక్క వేసి చూశాడు. అదీ కిర్రుమని వంగింది. అప్పుడు కొట్టు ముందుకు వెళ్లి తలుపు పలక ఒకటి పట్టుకొచ్చాడు. మాకు ఇనుప షట్టరు లేదు. నిలువు చెక్క పలకలను గాడిలో ఒక్కొక్కటే జరిపి కొట్టు మూసేవాళ్లం. దాదా రంపం తీసేసరికి, అబ్బా చాలా రోజులకు గొంతెత్తాడు.

“దాన్ని కోసేస్తే కొట్టెట్టా మూసేది?”

“మూయొద్దు,” అన్నాడు దాదా.

పలకను మూడు ముక్కలు చేసి పక్కపక్కన పేర్చి, కింద రెండు అడ్డకర్రలు కొట్టాడు. నేను ఎక్కి గెంతినా అది కదల్లేదు. వెండి కాగితం చుట్టాక దాన్ని తలుపు చెక్కని ఎవరూ అనుకోరు. దాదా కేకు పక్కనే కూర్చుని వ్యానులో తీసుకెళ్లాడు. బందరు రోడ్డు గుంతలన్నీ దాటి కేకు చెక్కు చెదరకుండా చేరింది.

ఇక్కడ అబ్బాకు గదిలోకి వెళ్లే వీల్లేకపోయింది. కొట్టుకు మనిషి దూరేంత సందు ఉంది మరి. విసుక్కుంటూనే అమ్మీ కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. సాయంత్రం పక్కింటి పిన్ని బిస్కెట్ల కోసం వచ్చి, “ఇన్నాళ్లకి కనపడ్డారు. ఎట్టా ఉన్నారండీ?” అంది. అబ్బా తూకం వేస్తూ వేస్తూ ఆపేసి, చేతులు త్రాసు మీదే పెట్టుకుని భోరున ఏడ్చాడు. అమ్మీ పోయాక అబ్బా ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. పిన్ని చేతిలోని డబ్బా అరుగు మీద పెట్టి అక్కడే నిలబడింది.

కొత్త పలక చేసే వడ్రంగి చాలా రోజులు రాలేదు. రానవసరం లేదని అతనికి చెప్పింది దాదాయేనని నాకు పెద్దయ్యాక తెలిసింది. అబ్బా పూర్తిగా మునుపటి మనిషి ఎప్పుడూ కాలేదు. కానీ కొట్లో కూర్చున్నాడు, నన్ను పెంచాడు.

పోయినేడు మా ఆయన పోయారు. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక నా కింద బల్ల తీసేసినట్టయింది. ఇప్పుడు అడ్డకర్ర కొట్టడానికి దాదా లేడు. మధ్యాహ్నం అయ్యేసరికి వీధి తలుపు మూసేసి గోడవైపు తిరిగి పడుకోవాలనిపిస్తుంది. రోజూ లేచి వెళ్తాను, గడియ మీద చెయ్యి కూడా వేస్తాను. “మూయొద్దు” అన్న మాట వినిపిస్తుంది. కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని, ఎవరైనా వచ్చి ఎట్టా ఉన్నావని అడిగేదాకా కూర్చుంటాను.